తనది కాని మాట వినే అడాప్టర్

"మీరు చూస్తా ఉండండమ్మా, నాలుగు ముద్దలు తినేసి వస్తా" అని అంగడి జాకబ్ పరదా వెనక్కి పోయాడు. చంద్రిక ముందు గాజుబల్ల మీద రెండు డబ్బాలు మిగిలాయి. ఒకదానిలోది బొటనవేలంత వైఫై అడాప్టర్, కంప్యూటర్‌కు గుచ్చితే అక్కడ ఒకటి ఉందని కూడా తెలియదు. రెండోదానికి పొట్టేలుకున్నట్టు రెండు కొమ్ములు, గోడ అవతలి మాటను కూడా లాగుతుందని డబ్బా మీద బొమ్మ వేసి మరీ చెప్పుకున్నారు. ఏది కొనాలి? అంతే కదా విషయం, అంగడికొచ్చిన మనిషి రెంటిలో ఒకటి తీసుకుని పోతుంది, దానికింత ఆలోచన దేనికి? కానీ చంద్రిక చేతులు కొంగు కింద దాక్కున్నాయి. మే నెల, అనంతపురం, మిట్టమధ్యాహ్నం. క్లాక్‌టవర్ దగ్గరి సందులో కుక్కలు కూడా కాలవలో దిగి పడుకున్నాయి, నెత్తిన ఫ్యాను వేడిగాలినే కిందికి తోస్తోంది, ఆమెకు మాత్రం వెన్నులో చలి. ధర్మవరంలో బస్సెక్కినప్పటి నుంచీ అదే చలి. వెనక సీటులోంచి ఎవరో చూస్తున్నట్టే ఉండి తిరిగి చూస్తే ఒక ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, ఆ నిద్ర కూడా నటనేమో అనిపించింది. ఇదివరకు ఇట్లాంటి మనిషి కాదు చంద్రిక. కంబదూరు నుంచి ఒంటరిగా బస్సులో వచ్చి ఈ ఊళ్లోనే కాలేజీలో కంప్యూటర్లు చదువుకుంది, వెకిలిగా చూసినవాణ్ణి తిరిగి అంతసేపూ చూసి తల దించుకునేటట్టు చేసిన పిల్ల. ఎదురుగా ఉన్న కంటికి ఎదురు చూడొచ్చు. ఏ కన్నో తెలియనప్పుడు యాడ చూడాలి?

ధర్మవరంలో ఇంట్లో ఒక కెమెరా ఉంది. తెచ్చింది తనే, ఎవరినీ అనడానికి లేదు. పోయిన ఏడు అత్త సుబ్బలక్ష్మమ్మ బాత్రూం గడపలో జారిపడి, రెండు మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడక అట్లాగే నేల మీద పడి ఉంది, మగ్గం ఆగాక కానీ ఆ మూలుగు చెవిన పడలేదు. ఆ తర్వాత కొన్నది ఈ మెడ తిప్పే కెమెరాను. పార్సెళ్లు వేయడానికి పోయినా, అద్దకం వాళ్ల దగ్గరికి పోయినా, ఫోనులో అత్త మంచం కనపడుతూ ఉండాలని. ఫోను మీద వేలు జరిపితే అది మెడ తిప్పుతుంది, గిర్రుమని సన్నగా చప్పుడు చేస్తుంది, ఎవరైనా చూస్తున్నంతసేపూ దాని నుదుట చిన్న నీలం దీపం వెలుగుతుంది. ఈ మధ్య ఒక పొద్దు, మొగుడు ఊళ్లో లేక మొదటి మగ్గం ఆగి ఉంది, రెండోదాని మీద కూలికి నేసే నల్లప్ప తిండికి పోయాడు. మగ్గాల ఇంట్లో మగ్గం ఆగితే వచ్చే నిశ్శబ్దం వేరు, చెవిలో దూది తీసినట్టు ఉంటుంది. చంద్రిక సాయంత్రం లైవ్ కోసం కొత్త చీర కట్టుకుంటోంది. ఫోను ముందు నిలబడి చీరలు చూపించి అమ్మడం, అది ఆమె పని, ఆమె పుట్టించుకున్న పని, ఇప్పుడు ఆ ఇంటి మగ్గాలు రెండూ ఆడేది దాని మీదే. ఫోను వంటింట్లో ఛార్జింగుకు పెట్టి ఉంది. కుచ్చిళ్లు పోస్తూ ఉంటే గిర్రుమంది. తలెత్తింది. అత్త మంచం వైపు ఉండాల్సింది తన వైపు చూస్తోంది, నుదుట నీలం దీపం. పక్కకు జరిగింది. అదీ జరిగింది. చేతిలోని కుచ్చిళ్లు జారి పాదాల మీద పడ్డాయి, మంచం మీద అత్త గుర్రు పెడుతోంది. గోడ దన్నుకు పోయి నిలబడి, చిన్నపిల్లలాగా చీరను గుప్పెట్లో పట్టుకుని, ఎంతసేపు నిలబడిందో తెలియదు. దీపం ఆరిపోయాక కూడా కదల్లేదు.

ఎన్నాళ్ల నుంచి? అదీ భయం. ఆ గదిలోనే కదా రోజూ చీర మార్చేది, రోజుకు నాలుగైదు చీరలు కట్టి విప్పేది, మగ్గాలు తిన్నది పోను ఇంట్లో ఇంకెక్కడ జాగా ఉంది? వాడెవడో అదంతా చూసి ఉంటే, చూసి ఊరుకోకుండా దాచి ఉంటే, దాచింది ఎక్కడో పెట్టి ఉంటే. ఒకసారి పెడితే ఇంక దాన్ని తుడిచేవాళ్లు లేరు. చీర అంగడి ఆమె వీడియో చూసినారా అని ధర్మవరంలో పట్టు అంగళ్ల వీధి వీధంతా ఒకరి ఫోనులోంచి ఒకరి ఫోనులోకి పంపుకుంటుంది. అది కంబదూరు దాకా పోతుంది, అమ్మకు ఎవరో ఒకరు చూపిస్తారు, పాపం పిల్లకిట్ల అయిందే అని సానుభూతితోనే చూపిస్తారు. చంద్రిక గాజుబల్ల అంచును పట్టుకుంది. లోపల పరదా వెనక జాకబ్ గిన్నె గరిటె చప్పుడు, సంగటి వాసన, ఎవరో మాత్రం లోకానికి ఏమీ కాలేదన్నట్టు తింటున్నారు, అది వింటే కొంచెం ప్రాణం కుదుటపడింది.

పీకి పారేయొచ్చు కదా అనే మాట ఆమెకు తోచలేదని కాదు. మొదటి రోజే దాని మీద తువ్వాలు కప్పింది. మర్నాడు పార్సెలు ఆఫీసులో నిలబడి ఫోను చూస్తే అంతా చీకటి, అత్త లేచిందో పడిందో తెలియదు, సగం దారిలోంచి పరుగెత్తుకు వచ్చింది. వస్తే అత్త కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది, "ఏమ్మే, దెయ్యం పట్టినట్ల వస్తాండావు" అంది. తువ్వాలు తీసేసింది. అయినా కన్ను పీకేస్తే చూసేవాడు పోతాడా? ఆ పక్కనే ఎక్కడో ఉంటాడు, గోడకు అవతల, మిద్దె మీద, సందు మలుపులో, ఇంకో దారి వెతుక్కుంటూ. వాడెవడో తెలిస్తే తప్ప నిద్ర రాదు. అప్పుడు గుర్తొచ్చింది తను చదువుకున్న చదువు, ఇన్నేళ్లూ చీరల అంచుల డిజైన్లు గీసుకోవడానికి తప్ప అక్కరకు రాని చదువు. కెమెరా మాట్లాడేది వైఫైతో. వైఫైలోకి దూరినవాడే కెమెరాలోకి దూరుతాడు. పాస్‌వర్డ్ మార్చింది, పొడుగ్గా, ఎవరికీ తోచనిది. మర్నాడే నీలం దీపం వెలిగింది. మళ్లీ మార్చింది. మళ్లీ వెలిగింది. కెమెరా యాప్ సంగతి కూడా చూసింది కానీ అది తమ చీరల అంగడి మెయిల్ మీద ఉన్నది, ఆ మెయిల్ ఇంటిదే, దాన్ని దాటుకుని ముందుకు పోయింది. వీధి వాకిలి సంగతి చూడాలి ముందు. దూరేవాడు గాలిలో ఏదో చేస్తున్నాడు, ఆ గాలిని వింటే దొరుకుతాడు.

గాలిని వినాలంటే ఇట్లాంటి అడాప్టర్ కావాలి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉన్నది పనికిరాదు, అది మర్యాదస్తురాలు, తనను పేరు పెట్టి పిలిచిన మాట తప్ప ఇంకోటి వినదు. మానిటర్ మోడ్ అని ఒకటి ఉంటుంది, అందులో పెడితే అడాప్టర్ తనది కాని మాట కూడా వింటుంది, చుట్టూ గాలిలో పోయే ప్రతిదాన్నీ వింటుంది, అది వింటున్నట్టు ఎవరికీ తెలియదు. కాలేజీలో ఆ పాఠం విన్నప్పుడు చంద్రికకు నవ్వొచ్చింది, కొత్త కోడలి చెవి లాంటిదన్నమాట అని పక్కపిల్లతో అంది. ఇప్పుడు ఆ చెవిని కొనుక్కోవడానికి వచ్చి నిలబడింది. జాకబ్ మొదట అనుమానంగానే చూశాడు. "యాడి వైఫై చూసేకమ్మా?" అన్నాడు. మా ఇంట్లోదే అంటే, "అయితే సరే. పిల్లోళ్లు వచ్చి పక్కింటోళ్లది కొట్టేయాలని అడుగుతాండారు, నేను ఇయ్యను" అన్నాడు. మంచివాడే. కానీ ఈ అడాప్టర్ల గోల మంచితనంతో తేలేది కాదు. కంపెనీ పేరు కాదు, లోపలి చిప్పు ముఖ్యం. ఒకే పేరు, ఒకే బొమ్మ, ఒకే డబ్బా, పోయిన ఏడు చేసినదానిలో మానిటర్ మోడ్ వచ్చే చిప్పు ఉంటుంది, ఈ ఏడు చేసినదానిలో చెప్పకుండా మార్చేసి ఉంటారు. చిన్నదానిలో మంచి చిప్పే ఉందని చదివింది, కానీ అది వైఫై పోయే గాలిదారుల్లో పాత బ్యాండు ఒక్కటే వింటుంది, వాడు కొత్త బ్యాండులో వస్తే దీనికి చెవుడే. కొమ్ములున్నది రెండూ వింటుంది, కానీ లోపల ఏ చిప్పు ఉందో డబ్బా మీద లేదు. తప్పుది కొంటే ఏమవుతుంది? వాడు వస్తాడు, పక్కన కూర్చున్నట్టే కూర్చుంటాడు, ఈమె తెర మీద మాత్రం ఎవరూ లేరని వస్తుంది. ఎవరూ లేరని చూసుకుని ఈమె చీర విప్పుకుంటుంది.

పైన రాసుండదు. నాయన ఆ మాటే అనేవాడు, నేల లోపల ఏముండాదో పైన రాసుండదు పాపా అని. నేత వదిలి సేద్యం పట్టిన ఇల్లు వాళ్లది, నాయన నరసింహప్ప చెనక్కాయ పంట అంటే కంబదూరులో మంచిపేరే, వాన ఉన్నన్నాళ్లూ. వాన లేక బోరు వేయాల్సి వచ్చినప్పుడు నీళ్లు చూసే ఆయన వచ్చేవాడు, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు, టెంకాయ దానంతటది నిలబడిన చోట సున్నం పోసేవాళ్లు. చంద్రిక వెనకాలే నడిచేది, ఊపిరి బిగబట్టుకుని. టెంకాయ లేచేది. నిజంగానే లేచేది, ఆమె కళ్లారా చూసింది. యంత్రం వచ్చి గర్రుమని దిగేది, తెల్లటి దుమ్ము లేచి అందరి కనుబొమలకూ అంటుకునేది, దుమ్ము తర్వాత దుమ్మే. నాయన ఆ గుంత పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూసేవాడు, ఏమీ కనపడదని తెలిసీ. అట్లా ఎన్ని గుంతలో. ఆయన మొఖం మీద ఆ పొద్దు ఉన్నది దుఃఖమనుకుంది చిన్నప్పుడు. ఇప్పుడు తెలుస్తోంది, అది భయం. కింద ఏమీ లేదేమోననే భయం. నాయన ఉంటే ఇప్పుడు చెప్పేదేమో, నాయనా, ఎవరో నన్ను చూస్తాండారు అని. ఆయన అల్లరి చేసేవాడు కాదు, అడాప్టర్ అంటే ఏమని కూడా అడిగేవాడు కాదు, వచ్చి వాకిట్లో కూర్చునేవాడు. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు.

విష్ణువర్ధనే అయ్యుండాలి. మేడ మీద గదిలో అద్దెకుంటాడు, సోలార్ కంపెనీలో పని. అక్కా అక్కా అని పిలుస్తాడు, వైఫై పెట్టిన రోజు వచ్చి తీగలు లాగింది అతనే, రెండోసారి పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఎక్కడో తట్టుకుంటే సాయం అడిగింది కూడా అతన్నే. అప్పుడతను కళ్లు తిప్పుకుని గోడకేసి చూశాడు, మీరు కొట్టండక్కా నేను చూడను అని. అంత మర్యాద ఎందుకు? తప్పు చేసినవాడికే కదా అంత మర్యాద. ఆ మర్నాటి నుంచీ అతను మెట్లు దిగుతుంటే చంద్రిక తలుపు వేసుకుంటోంది. మొన్న ఒక డబ్బాలో వాళ్ల అమ్మ చేసి పంపిన తీపి ఓళిగలు తెచ్చి ఇస్తే తీసుకోలేదు, అతని మొఖం చిన్నబోయింది. చిన్నబోయిన మొఖాన్ని చూసి జాలిపడాలో, ఏం నటుడని అనుకోవాలో తెలియలేదు. ఒకవేళ అతను కాకపోతే? ఈ మాట ఒక్కటి బయటికి వస్తే వీధిలో పదిమంది చేరి అడగరు పెట్టరు, మేడ మెట్ల మీది నుంచే ఈడ్చుకొస్తారు. నల్లప్ప అయితే? ఛ, నల్లప్పకు దగ్గరి వస్తువే సరిగ్గా ఆనదు, ఫోను దూరంగా పట్టుకుని చూస్తాడు. ఎదురింటివాళ్లా? ఇట్లా వీధిలో ఒక్కొక్క ఇల్లూ తట్టుకుంటూ పోతే చివరికి మనుషులు మిగలరు, కిటికీలు మిగులుతాయి.

అప్పుడు, జాకబ్ అంగడిలో గోడకున్న దేవుడి పటం కింద రౌటర్లు వరసగా పెట్టి ఉన్నాయి, వాటిలో ఒకదాని మీద పాస్‌వర్డూ నంబర్లూ అచ్చేసిన తెల్ల స్టిక్కరు కేసి చూస్తూ ఉంటే, చంద్రిక గుండెలో ఏదో తటాలున తెగింది. ఆయుధపూజ. దసరాకు మగ్గాల ఇళ్లల్లో అన్నిటికీ పూజ చేస్తారు, మగ్గం మీది నాడెకు, పలకకు, కత్తెరకు, తూకం రాళ్లకు. పోయినసారి అత్తే అంది, "మనకు కూడు పెట్టేది ఇప్పుడు ఆ డబ్బీలు గదమ్మే, వాటికీ పెట్టు" అని. నిజమే కదా అని రౌటర్‌కు పసుపు పూసి కుంకుమ పెట్టింది, కెమెరాకు పెట్టింది, రెంటినీ పీట మీద పువ్వుల మధ్య పెట్టి హారతిచ్చింది. లైవ్‌లో. వేలమంది చూశారు, ఎంత బాగుందో మేడం అని పువ్వులూ దండాలూ పంపారు. ఫోను తీసి ఆ వీడియోను వెతికింది, వేళ్లు ఒకటికి రెండుసార్లు తప్పు చోట పడ్డాయి. దొరికింది. కుంకుమ స్టిక్కరుకు అంటకుండా జాగ్రత్తగా పక్కన పెట్టిన తన వేలే కనపడుతోంది, స్టిక్కరు తెర నిండా ఉంది, రౌటరుదీ కెమెరాదీ, అంకెలన్నీ చిన్నపిల్ల కూడా చదవగలిగేటట్టు. దసరా నుంచి. రౌటర్ పాస్‌వర్డ్ అంటే మార్చింది, కెమెరా కడుపు కింది నంబరు మారేది కాదు. ఆ నంబరుతో ఏం చేయొచ్చో, అసలు ఏమైనా చేయొచ్చో లేదో ఆమెకు ఖచ్చితంగా తెలియదు, తెలియకపోవడమే చాలు. ఇప్పుడు వాడు మేడ మీద ఉండనక్కర్లేదు, వీధిలో ఉండనక్కర్లేదు. సూరత్‌లో ఉండొచ్చు, దుబాయ్‌లో ఉండొచ్చు, రోజూ దండాలు పెట్టేవాళ్లలో ఎవరైనా కావొచ్చు, ఒకరు కాకుండా పదిమంది కావొచ్చు. ఈ రెండు డబ్బాలకూ అంత దూరం వినపడదు. చంద్రికకు అంగడి గోడలు వెనక్కి జరిగిపోయినట్టయింది, నడి మైదానంలో, ఎండలో, ఒంటిమీద బట్ట లేకుండా నిలబెట్టినట్టయింది.

మారుతికి చెప్పాలి. చెప్పాలి, కానీ ఎట్లా? మొగుడు మంచివాడు, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు, ఈమె లైవ్‌లో నిలబడతానన్నప్పుడు వాళ్ల పెద్దవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటే, పోనీలే చేసుకోనీ అన్నది ఆయనే. నెలలో సగం రోజులు బెంగళూరులో చిక్కపేట అంగళ్ల చుట్టూ చీరలు మోసుకుని తిరుగుతాడు. ఫోనులో ఈ యాప్‌లూ గీప్‌లూ నాకు తెలీవు తల్లీ, నాకు తెలిసింది పోగొక్కటే అంటాడు, అది మాత్రం నిజం, పోగు విషయంలో ఆయన కన్ను తప్పించాలంటే దేవుడే దిగి రావాలి, పెళ్లిలో తాళి కట్టేముందు కూడా ఆమె చీర అంచు వేళ్లతో తడిమి చూశాడని ఇప్పటికీ వదినలు నవ్వుతారు. చెబితే ఏమంటాడు? కొట్టడు, తిట్టడు. ఇంక ఆ లైవ్‌లు వద్దులే అంటాడు. అంతే. ఆ ఒక్క మాటతో అయిపోతుంది, ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది, నువ్వు నిలబడబట్టే కదా చూశారు అంటే. వంట, మంచం మీది అత్త, మగ్గం చప్పుడు, మళ్లీ అంతే. అందుకే చెప్పలేదు. ఈ పొద్దు కూడా చుట్టాలావిడను అత్తకు తోడు కూర్చోబెట్టి, కొరియర్ కవర్లు తెస్తానని చెప్పి వచ్చింది. ముందు వాడు దొరకాలి, పేరుతో సహా దొరకాలి, అప్పుడు ఆయన ముందు పెట్టి, ఇదిగో దొంగ, నేను పట్టుకున్నాను అని చెప్పాలి.

అత్త ఎట్లా ఉందో చూద్దామని కెమెరా తెరిచింది. మంచం కనపడలేదు. మంచం వైపు తిప్పి వచ్చింది, తన చేతులతో తిప్పింది, బొమ్మలో మాత్రం వంటింటి తలుపు ఉంది. చంద్రిక వేలు తెరకు తగలను కూడా లేదు. బొమ్మ జరుగుతోంది. మెల్లగా, తొందరేమీ లేనట్టు, వంటింటి తలుపు, నీళ్ల బిందె, ఆమె చీరలు ఆరేసే దండెం, వీధి వాకిలి, ఆమె చెప్పులుండే చోటు. అక్కడ ఆగింది. మళ్లీ వెనక్కి వంటింటి తలుపు. వెతుకుతున్నాడు. వాడి కంటితోనే తను కూడా చూస్తోంది, వాడి మెడ తిరిగినట్టల్లా తనకూ తిరుగుతోంది, వాడు వెతికేది తననే, తను ఆ ఇంట్లో లేదు. ఫోను విసిరి కొట్టాలనిపించింది, చేయి వినలేదు. బొమ్మ మంచం మీదుగా పోయింది, నిద్రపోతున్న అత్త మీద, పక్కన కునుకు తీస్తున్న చుట్టాలావిడ మీద ఆగనే లేదు. మగ్గాల వైపు తిరిగి, మొదటి మగ్గం దాటి, రెండోదాని మీద నల్లప్ప వీపు దాటి, పోబోయి టక్కున ఆగింది. వెనక్కొచ్చింది. దగ్గరికి జరిగింది. చీర అంచు, ఎర్ర అంచు మీద జరీ గోపురాలు, తెర నిండా. కదలకుండా అక్కడే ఉంది. అక్కడ చూడటానికి ఏముందో చంద్రికకు అర్థం కాలేదు, ఆడమనిషి కోసం వెతికే దొంగ చీర అంచులో ఏం చూస్తాడు?

ఫోను మోగింది. బొమ్మ మాయమై మారుతి పేరు వచ్చింది.

"మే, చంద్రికా. నల్లప్పకు ఫోన్ చేసి మగ్గం ఆపమను. కుడిపక్క అంచులో పోగు తెగినాది. చూసుకోకుండా కొడ్తానే ఉండాడు, గోపురాల్లో గీత పడిపోతాంది. జానెడు పోయినాదప్పుడే."

"సరే, చెప్తా" అంది చంద్రిక. ఆ ఇంట్లో పోగు తెగిందంటే ముందు సరే అనడం అలవాటు, ఇల్లు అంటుకుంటున్నా ముందు పోగు. ఆ తర్వాత నోరు దానంతటదే అడిగింది. "యాడుండారు?"

"యాడుంటా, చిక్కపేటలోనే. సేటు ఇంకా రాలేదు, ఊరికే కూచోనుండా."

జరీ గోపురాలు కళ్ల ముందు ఇంకా ఉన్నాయి. నేసేవాడు, ఎంత దాక్కుని చూస్తున్నా సరే, కళ్లెదుట పోగు తెగితే నోరు మూసుకుని ఉండలేడు. ప్రాణం పోయినా ఉండలేడు. పోయిన చలికాలం సంగతి ఎందుకో ఇప్పుడు వచ్చింది, నాయన పోయిన నెలలో, అత్త నిద్రపోయాక మొదటి మగ్గం గుంటలోకి దిగి కూర్చుని ఎవరికీ వినపడకుండా ఏడుస్తూ ఉంటే ఫోను మోగింది, ఈయనే, బెంగళూరు నుంచి, "ఏమన్నా తిన్నావా" అని. ఏమీ చెప్పకుండానే మనసు తెలుసుకున్నాడని పొంగిపోయింది, అమ్మకు కూడా చెప్పుకుంది, నా మొగునికి అంత దూరం నుంచి తెలుస్తాదమ్మా అని, అమ్మ కళ్లు తుడుచుకుంది. కొరియర్ మనిషిని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిన రోజు రాత్రి, వాకిట్లోనే ఇచ్చి పంపొచ్చు కదా అన్నాడు, అత్త చెప్పిందనుకుని అత్తతో రెండు రోజులు ముభావంగా ఉంది. పాపం అత్త. కెమెరా తెరుచుకునే ఆ అంగడి మెయిల్ పెట్టింది ఆయనే, పాస్‌వర్డ్ పెట్టుకున్నదీ ఆయనే, ఏమీ తెలియని మనిషి. దొంగ అయితే బాగుండు అనిపించింది చంద్రికకు, నిజంగా అనిపించింది, దుబాయ్‌లో కూర్చున్న ముక్కూమొఖం తెలియని దొంగ. వాడి మీద పోలీసులకు చెప్పొచ్చు, తలుపులు వేసుకోవచ్చు, తాళాలు మార్చుకోవచ్చు. ఈయన రేపు పొద్దున రైలు దిగి వస్తాడు, తలుపు తనే తీయాలి, స్నానానికి నీళ్లు తనే తోడాలి. రాత్రి దీపం ఆర్పాక పక్కన ఉండేది ఆ కన్నే. ఇప్పటిదాకా పడిన భయం భయమే కాదు. బల్ల ముందరి స్టూలు లాక్కుని కూర్చుంది.

"వింటాండావా? నువ్వు ఇంట్లో లేవే. యాడికి పోయినావు?"

అనుమానం కూడా కాదు, ఉత్త ఆరా, ఎప్పుడూ ఉండే మెత్తని గొంతే. అబద్ధం చెప్పడానికి కొరియర్ కవర్లున్నాయి, నాలుక చివర ఉన్నాయి. చెబితే నమ్ముతాడు. నమ్మి, రేపు వస్తాడు, ఆమె కూడా ఏమీ తెలియనట్టు నీళ్లు తోడుతుంది, కెమెరా వైపు వీపు పెట్టి చీరలు మార్చుకోవడం నేర్చుకుంటుంది, బతుకంతా అట్లా బతకొచ్చు, బతికేవాళ్లు లేరా? అయినా మాట వచ్చింది, తనది కానట్టు.

"అనంతపురం వచ్చినా. మన కెమెరాలోంచి ఎవరో నన్ను చూస్తాండారు. చానా దినాలయింది. ఎవురో కనుక్కునేకి ఒక మిషను కొందామని అంగట్లో ఉండా."

అవతల చిక్కపేట చప్పుడు వినపడింది, ఆటోలు, ఎవరో కన్నడంలో ఎవరినో పక్కకు జరగమంటున్నారు. మారుతి ఊపిరి వినపడింది. పరదా తీసుకుని జాకబ్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు, ఆమె మొఖం చూసి, ఏది కట్టమంటారని అడగబోయినవాడు రెండు డబ్బాలనూ పక్కకు జరిపాడు.

"దొరికినాడా?" అన్నాడు మారుతి. అంత చిన్న గొంతు ఆయనకుందని ఆమెకు తెలియదు.

"ఆ" అంది చంద్రిక. "దొరికినాడు."

ఆయన ఫోను పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు.